పంటి ప్లేట్లతో పదకొండేండ్లు

నా పేరు అనసూయ. మాది మూసాపేట, మెట్రో స్తంభాలు లేవక ముందటి మూసాపేట. పోయిన నెల దాకా మాదాపూర్‌ల ఒక పండ్ల దవాఖానలో ఎక్స్‌రేలు తీసిన. మొదట్ల ఫిల్ముల మీద తీసేది, ఆఖరి పదకొండేండ్లు ప్లేట్ల మీద.

మా చెల్లె బిడ్డ ఇప్పుడు ఇదే పనిల చేరుతున్నది. "పెద్దమ్మా, ఏం చూసుకోవాలెనో జర చెప్పరాదూ" అని ఫోన్ చేసింది. గంట సేపు చెప్పిన. మర్నాడు అడిగితే దానికి ఒక్క ముక్క యాదికి లేదు. అందుకే రాస్తున్న. జీతాలు, సర్టిఫికెట్లు, ఇంటర్వ్యూల సంగతి ఇందుల ఉండదు, అవి చెప్పేటోళ్లు శానమంది ఉన్నరు. నేను చేసిన తప్పులు మాత్రం నేనే చెప్పాలె. వాటిల సగానికి సాక్షిని నేనొక్కదాన్నే.

ఇది ఇంతకుముందు ఎవరి నోట్ల ఉండె?

ముందుగాల ప్లేటంటే ఏందో చెప్తా. పెద్ద పోస్టల్ స్టాంపు అంత ఉంటది, పల్చగ ఉంటది, జర వంగుతది. ఒక వైపు లేత నీలం, ఇంకో వైపు నలుపు. నీలం వైపే బొమ్మను పట్టేది. నలుపు వైపు మూలకు ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంటది. ఆ గుర్తు ఎందుకు పెట్టిన్రో నాకు రెండేండ్ల దాకా సరిగ్గ అర్థం కాలేదు. అర్థమైన రోజు సంగతి తర్వాత చెప్తా.

ప్లేటును ఒక ప్లాస్టిక్ కవర్ల పెట్టి అంటించాలె. నీలం వైపు పన్నుకు ఆనేటట్టు నోట్ల పెట్టాలె. ఎక్స్‌రే తీసినంక కవర్ మీది ఎంగిలి తుడిచి, కవర్ చించి, ప్లేటును చేతితోటి ముట్టకుండ స్కానర్ల జారవిడవాలె. కంప్యూటర్ మీద బొమ్మ వస్తది. తర్వాత ప్లేటుకు గట్టి వెలుతురు చూపిస్తే పాత బొమ్మ చెరిగిపోతది. మళ్ల కొత్త కవర్, మళ్ల కొత్త నోరు. అట్ల ఒక ప్లేటు కొన్ని వందల నోళ్లు తిరుగుతది.

ఈ ఆఖరి మాట పేషెంట్‌తోటి ఎట్ల చెప్పాలెనో నేర్చుకోవాలె. నేను నేర్చుకోకముందు ఒకాయన వచ్చిండు. మెడల కంపెనీ కార్డు, చెవిల ఇయర్‌ఫోన్. ఎక్స్‌రేను ఆపే సీసం తొడుగు, లెడ్ ఆప్రాన్, వేసి కూసోబెట్టిన. ప్లేటు దిక్కు చూసి, "మేడమ్, ఇది డిస్పోజబులా?" అని అడిగిండు.

"కాదు సార్, మళ్ల మళ్ల వాడుతం."

"అంటే ఇంతకుముందు ఎవరి నోట్ల ఉండె?"

నాకు అబద్ధం చెప్పుడు అలవాటు లేదు. "బయట టోకెన్ పట్టుకుని మీ పక్కన కూసున్న పెద్దసార్ నోట్ల" అన్న.

ఆయన లేచిండు. నడిచిండు. లిఫ్ట్ ఎక్కిండు. మా లెడ్ ఆప్రాన్ ఆయన ఒంటి మీదనే ఉన్నది. అది నాలుగైదు కిలోలు ఉంటది, ఎట్ల తెల్వలేదో ఏమో. కింద వాచ్‌మెన్ ఆపి, దాన్ని విప్పించుకుని తెచ్చి ఇచ్చిండు.

ఆ రోజు నుంచి వరుస మార్చిన. ముందు కొత్త కవర్ వాళ్ల కండ్ల ముందు తీస్తా. "ఇది మీ కోసమే, మీ తర్వాత చెత్తబుట్టలకు పోతది. లోపలి ప్లేటు ఎవరి నోటినీ ముట్టదు" అని చెప్తా. చెప్పినంక లోపల పెడతా. చెప్పేది అదే నిజం, కానీ ఏ ముక్క ముందు చెప్పాలె, ఏది వెనక చెప్పాలె అనేది కూడా మన పనిలో భాగమే.

ఇంకో ప్రశ్న తప్పకుండ వస్తది. "ఏం కాదంటరు, మరి మీరెందుకు గోడ వెనకకు పోతున్నరు?" దీనికి కోపం తెచ్చుకోవద్దు. "మీకు ఏడాదికి ఒక్కసారి సార్, నాకు రోజుకు ముప్పైసార్లు" అంటే సరిపోతది. మా పేషెంట్లు ఆఫీసుల లెక్కలు చేసేటోళ్లు కాబట్టి ఈ లెక్క వాళ్లకు తొందరగ ఎక్కుతది.

డాక్టర్ ఓబులరెడ్డి అరవడు

మా డాక్టర్ పేరు ఓబులరెడ్డి. ప్రొద్దుటూరాయన. నేను చూసిన డాక్టర్లల్ల అరిచేటోళ్లు ఉన్నరు, వస్తువులు విసిరేటోళ్లు ఉన్నరు. ఓబులరెడ్డి సార్ అరవడు. కంప్యూటర్ తెరను మెల్లగ మన దిక్కు తిప్పి, "చూడు" అంటడు. అంతే. అరిచినా బాగుండు అనిపిస్తది.

ప్లేట్లు వచ్చిన కొత్తల కంపెనీ మనిషి వచ్చి అర్ధగంట నేర్పిపోయిండు. అందుల పావుగంట చాయ్ తాగిండు. మా మొదటి స్కానర్ బొమ్మ చదువుడు వరకే చేసేది. చెరిపేందుకు పక్కన వేరే లైటు డబ్బా ఉండేది. ఒక సోమవారం రద్దీల ఒక ప్లేటును ఆ డబ్బల పెట్టుడు మర్చిపోయి, అట్లనే ఇంకో ఆమెకు వాడిన.

సార్ తెర తిప్పిండు. "చూడు."

చూసిన. ఒక పన్నుకు ఐదు వేర్లు ఉన్నయి.

"ఏమ్మా అనసూయమ్మా, ఇది పన్నా, అల్లం కొమ్మా?"

ఇద్దరు మనుషుల పండ్లు ఒకదాని మీద ఒకటి పడ్డయి. ఆమెను మళ్ల పిలిచి, "ఇంకోటి తీయాలె అమ్మా" అన్న. "ఎందుకు, ఏమన్న ఎక్కువున్నదా?" అని భయపడ్డది. వేర్లు ఎక్కువున్నయని ఎట్ల చెప్తం? మా మిషన్ తప్పు అన్న. మిషన్ తప్పు కాదు, నాది. అప్పటికి నాకు అంత ధైర్యం లేదు.

ఇంకోసారి ఒక వారంలో ముగ్గురికి పన్నుల పగులు కనబడ్డది. ఒక సెక్యూరిటీ గార్డు, ఒక టీచరమ్మ, ఒక క్యాబ్ డ్రైవర్. మూడో బొమ్మ దగ్గర సార్ ఆగిండు. పాత రెండు కూడా తెరిచి, మూడిటినీ పక్కపక్కన పెట్టి, తెర తిప్పిండు.

"ముగ్గురూ ఒకే రాయి కొరికినారా ఏమి?"

మూడిట్లనూ ఒకే తావుల, ఒకే వంకర గీత. పగులు పండ్లకు కాదు, మా ప్లేటుకు. ఎవరో గట్టిగ కొరికిన్రు, మడత పడ్డది. నయం, సార్ ఆ మొదటి ఇద్దరి పండ్లు ముట్టలేదు. గార్డుకైతే "జాగ్రత్త, శనగలు కొరకొద్దు" అని చెప్పి పంపిండంట. పాపం ఆయన ఎన్ని రోజులు శనగలు మానేసిండో.

అందుకే చెప్తున్న, గీత పడ్డ ప్లేటును పక్కన పెట్టండి. "ఇంకా పనిచేస్తది" అని దాచుకోవద్దు. పనిచేస్తది, అబద్ధం కూడా చెప్తది.

రెండు కుడి దవడలు

ఇగ అసలు సంగతి.

ఒక మంగళవారం పగటి పూట నవీన్ అని ఒకాయన వచ్చిండు. నలభై ఏండ్లుంటయి, మియాపూర్‌ల ఉంటడు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీల మేనేజర్. నొప్పి ఏం లేదు. ఊరికే చూపించుకుందామని వచ్చిండు. పండ్ల మధ్య సందులల్ల దాగిన పుచ్చు పైకి కనబడదు కాబట్టి, సార్ రెండు ఎక్స్‌రేలు రాసిండు. కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి.

నవీన్ అప్పుడు ఫోన్ మీటింగ్‌ల ఉన్నడు. "మేడమ్, మ్యూట్‌ల ఉన్న, మీరు కానియ్యండి" అన్నడు. కుడి వైపు సాఫీగ అయ్యింది. ఎడమ వైపు ప్లేటు పెట్టి గోడ వెనకకు పోయే లోపల ఆయన వేలు పైకెత్తిండు, ప్లేటు బయటికి తీసిండు, ఫోన్ నొక్కి "ఎస్, బై ఫ్రైడే" అన్నడు, మళ్ల నోరు తెరిచిండు. నేను గబగబ ప్లేటును మళ్ల పెట్టిన. అప్పుడే తిరగేసి పెట్టిన. నలుపు వైపు పన్నుకు ఆనింది.

ఆ రెండు ప్లేట్లను ఒకేసారి స్కాన్ చేసిన. అది రెండో తప్పు. తెర మీద చూస్తే రెండూ కుడి దవడలే. తిరగబడ్డ ప్లేటు మీద బొమ్మ అద్దంలో లెక్క పడతది, ఎడమది కుడి లెక్క కనబడతది. ఒక మనిషికి రెండు కుడి దవడలు ఉండవని నాకు తెల్సు. ఒకటి తిరగబడ్డదని కూడా తెల్సు. ఏది?

బయట ఏడుగురు కూసున్నరు. ఒక బొమ్మను పట్టుకుని "తిప్పు" అనే బటన్ నొక్కిన. అది ఎడమ దవడ అయ్యింది. తెర మీద "ఎడమ" అని ఉన్న గడిల పెట్టిన. బొమ్మలు ముద్దుగ సర్దుకున్నయి. అది మూడో తప్పు, అన్నిటికంటే పెద్దది. అనుమానం ఉన్న కాడ బటన్ నొక్కి నీట్‌గ చేసుడు.

సార్ చూసిండు. ఎడమ కింది దవడ పండ్ల మధ్య లోతు పుచ్చు కనబడుతున్నది. "ఈ రోజే శుభ్రం చేసి సిమెంటు పెట్టేద్దాం" అన్నడు. నవీన్ గడియారం చూసుకుని, "నాలుగింటికి క్లయింట్ కాల్ ఉంది సార్, అప్పటివరకు అయితదా?" అన్నడు. అప్పుడు మూడు కాలేదు. సార్ ఎడమ వైపు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, పది నిమిషాలు ఆగమన్నడు.

ఆ పది నిమిషాలల్ల నేను స్కానర్ తుడుస్తూ ఊరికే తెర దిక్కు చూసిన. కుడి దవడ అని పెట్టిన బొమ్మల, మూలకు, ఒక చిన్న గుండ్రటి గుర్తు. బొమ్మ కూడా జర పాలిపోయి ఉన్నది.

ఆ గుర్తు ప్లేటు నలుపు వైపు ఉంటది. అది బొమ్మల పడ్డదంటే తిరగబడ్డ ప్లేటు అదే. నేను తిప్పింది ఇంకోదాన్ని. పుచ్చు ఉన్నది కుడి వైపు. మొద్దుబారింది ఎడమ వైపు.

తుడిచే బట్ట పక్కన పెట్టిన. నిజం చెప్తా, ముందుగ వచ్చిన ఆలోచన మంచిది కాదు. "సార్, బొమ్మ మసకగ ఉన్నది, మళ్ల తీస్తా" అంటే సరిపోతది కదా అనుకున్న. మళ్ల తీసినప్పుడు నిజం దానంతట అదే బయట పడతది, నా పేరు రాదు.

మా రిసెప్షన్‌ల లావణ్య ఉండేది, భీమవరం పిల్ల. ఫైలు తీసుకుపోవడానికి వచ్చి నా ముఖం చూసింది. "ఏమైందండి అనసూయ గారూ, అలా అయిపోయారేంటి?"

చెప్పిన. బొమ్మ మసక అని చెప్దామనుకుంటున్న అనేది కూడా చెప్పిన.

ఆమె ఫైలు చంకల పెట్టుకుని, "మీరెళ్లి ఉన్నది చెప్పేయండి. దాచమంటే నా వల్ల కాదండి, నాకు కడుపులో ఏదీ ఆగదు. సాయంత్రానికి అందరికీ చెప్పేస్తాను" అన్నది.

ఆమె బెదిరించలేదు. తన సంగతి తను చెప్పింది. కానీ నాకు దారి ఒక్కటే మిగిలింది.

లోపలికి పోయేసరికి సార్ చేతిల డ్రిల్ ఉన్నది, నవీన్ నోరు తెరిచి ఉన్నడు.

"సార్, ఆపండి."

సార్ తల ఎత్తలేదు. "ఏమ్మా?"

"పుచ్చు ఉన్నది ఎడమ కాదు సార్, కుడి. ప్లేటు తిరగేసి పెట్టిన. బొమ్మలు మార్చి పెట్టిన. తప్పు నాది."

గదిల మిషన్ చప్పుడు ఆగింది. నవీన్ లేచి కూసున్నడు. సగం పెదవి, సగం నాలుక మొద్దుబారి ఉన్నయి.

"ఏంధి? ఎధమ కాధా?"

సార్ డ్రిల్ పక్కన పెట్టిండు. చిన్న అద్దం తీసుకుని నవీన్ నోట్లకు చూసిండు. తెర దిక్కు చూసిండు. మళ్ల నోట్లకు చూసిండు. ఎడమ దవడల పాత వెండి ఫిల్లింగ్ ఒకటి మెరుస్తున్నది. తెర మీది ఎడమ దవడల అది లేదు.

"నోట్లో ఉండాది, బొమ్మలో లేదు" అన్నడు సార్ మెల్లగ. "నేను కూడా సరిగ్గా చూడలే."

నేను ఒక్కొక్క ప్లేటు చొప్పున మళ్ల తీసిన, నవీన్ చూస్తుండంగనే. పుచ్చు కుడి వైపే. "మరి ఇప్పుడు కుడి వైపు కూడా సూది ఇచ్చేయండి" అన్నట్టు ఆయన సైగ చేసిండు. సార్ ఒప్పుకోలేదు. "రెండు పక్కలా మొద్దుబారితే నాలుక మీరే కొరుక్కుంటారు. గురువారం రండి. ఈ తిమ్మిరి ఆరింటికి గానీ పోదు. తప్పు మాది."

"నాలుగింతికి కాల్ ఉంధి" అన్నడు నవీన్. ఆయనకు గట్టిగ కోపం వచ్చింది. ఏదో పెద్ద మాట అందామని లేచి నిలబడ్డడు. "ఇధి శాలా..." అనేసరికి నోటి ఎడమ మూల నుంచి ఎంగిలి కారింది. తుడుచుకున్నడు. మళ్ల మొదలుపెట్టిండు, మళ్ల కారింది. టిష్యూ డబ్బా మొత్తం చంకల పెట్టుకుని వెళ్లిపోయిండు.

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వస్తున్నది. ఆయన ఇది చదివితే క్షమించాలె.

మొలవని పన్ను

పేషెంట్లు అందరూ పోయినంక సార్ గదిలకు పోయిన. నా హ్యాండ్‌బ్యాగ్, టిఫిన్ డబ్బా కూడా పట్టుకుని పోయిన. మళ్ల వెనకకు వచ్చి తీసుకునుడు ఎందుకని.

"రేపటి నుంచి రావాలెనా, వద్దా సార్?"

సార్ టిఫిన్ డబ్బా దిక్కు చూసిండు. "రాకపోతే ఎక్స్‌రేలు ఎవురు తీస్తారు? నేను తీస్తే అన్నీ తలకిందులే."

నేను డబ్బా టేబుల్ మీద పెట్టిన.

"కోపం లేదనుకోవద్దు, ఉండాది. ఇంకా రెండు నిముషాలు ఆలస్యమైతే మంచి పన్ను తవ్వేసేవాణ్ణి. తవ్విన పన్ను మళ్లీ మొలవదు. ఆ మనిషి జీవితాంతం నాలుక పెట్టి తడుముకుంటాడు." తెర ఆర్పి, "మసక బొమ్మ అని చెప్పి తప్పించుకోవచ్చు కదా, ఎందుకు చెప్పలే?" అని అడిగిండు.

"అనుకున్న సార్. లావణ్య ఆగదన్నది."

సార్ నవ్వుతడేమో అనుకున్న. నవ్వలేదు. "మంచిదే" అన్నడు. "మనలో ఒకరికైనా కడుపులో ఆగకూడదు."

మరుసటి రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నం. ఒక ప్లేటు నోట్లకు పోవాలె, బయటికి రావాలె, స్కాన్ కావాలె, అప్పుడే రెండోది. బొమ్మల గుండ్రటి గుర్తు కనబడితే తిప్పు బటన్ కాదు, మళ్ల తీసుడే. సూది ఇచ్చే ముందు సార్ బొమ్మను, నోటిని పక్కపక్కన చూడాలె. ఈ ఆఖరిది నేను చెప్పలేదు, సారే తనకు తను పెట్టుకున్నడు. నేను చూసిన పెద్దమనుషులల్ల ఇట్లాంటోళ్లు తక్కువ. కింది మనిషి తప్పు దొరికినప్పుడు తన తప్పును ఎవరూ వెతకరు. ఆయన వెతికిండు.

గురువారం నవీన్ రాడనుకున్న. వచ్చిండు. ఆయన లోపలికి రాంగనే వెయిటింగ్ హాల్‌ల కూసున్న అందరూ ఫోన్లు దించి చూసిన్రు. ఆయన కుడి చెంప మీద నీలం స్కెచ్ పెన్‌తోటి పెద్ద బాణం గుర్తు, దాని కింద "ఇటు" అని రాసి ఉన్నది. వాళ్ల ఆవిడ రాసిందట. మియాపూర్ నుంచి మెట్రోల అట్లనే వచ్చిండు.

సార్ చాలా సేపు ఆ బాణం దిక్కు చూసి, "రాత బాగుండాది" అన్నడు.

సూదికి ముందు కుడి వైపు ఇంకొక్కసారి తీయమన్నడు. నేను నవీన్‌కు ఆప్రాన్ కట్టుకుంట, "సార్, మొన్నటి కాల్ ఏమైంది?" అని భయంభయంగ అడిగిన.

"ఏమైతది మేడమ్. నేను మాట్లాడితే ఎంగిలి కారుతున్నది. కెమెరా ముందు చేయి గడ్డం కింద పెట్టుకుని తలూపుకుంట కూసున్న. మా టీంల ఒక అమ్మాయి ఉన్నది, అసలు పని చేసేది ఆమెనే. ఆమె మాట్లాడింది. క్లయింట్‌కు నచ్చింది. ఇప్పటి నుంచి కాల్స్ అన్నీ ఆమెనే తీసుకోవాలని అన్నడు."

"అయ్యో. నా వల్ల మీకు…"

"నాకేం నష్టం లేదు. మూడేండ్ల నుంచి ఆ క్లయింట్‌ను ఎట్ల వదిలించుకోవాలెనో తెల్వక పరేషాన్ అయితున్న." ఆయన కుర్చీల వెనకకు వాలి, నోరు తెరిచే ముందు చేయి చాపిండు. "ఆ ప్లేటు ఒకసారి ఇటియ్యండి."

కవర్ల ఉన్న ప్లేటు ఇచ్చిన. అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "ఏది ముందు?" అని అడిగిండు. నీలం అని చెప్పిన. గుర్తు సంగతి కూడా చెప్పిన. రెండు వైపులా చూసి నాకు తిరిగి ఇచ్చి, "ఓకే, ఇప్పుడు పెట్టండి" అన్నడు. మీటింగ్ ఏం లేదు ఆ రోజు. ఫోన్ లావణ్య దగ్గర పెట్టి వచ్చిండు.

కుడి పన్ను మంచిగ అయ్యింది. పోయేటప్పుడు చెంప మీది బాణం సంగతి మేం ఎవరం గుర్తు చేయలేదు. ఆయన అట్లనే ఆఫీసుకు పోయిండని తర్వాత తెలిసింది.

నెల దాటినంక ఒకామె వచ్చింది. ఎక్స్‌రే రాసిచ్చిన్రు. నా గదిల కూసోకుండ గుమ్మంల నిలబడి, "అనసూయ మేడమ్ అంటే మీరేనా?" అని అడిగింది.

"నేనే అమ్మా."

"నేను నవీన్ భార్యను. మీరు తీస్తేనే తీయించుకోమన్నడు, వేరేవాళ్లు తీస్తే వద్దన్నడు."

 అంత తప్పు చేసిన దాని మీద అంత నమ్మకమా అనుకున్న. "ఎందుకట అమ్మా?" అని అడిగిన.

"మిగతావాళ్లు తప్పు చేస్తే మనకు తెల్వదట మేడమ్. మీరు చేస్తే తెలుస్తదట."

ఆమెకు కుర్చీ చూపించిన. లెడ్ ఆప్రాన్ వేసిన. కొత్త కవర్ ఆమె కండ్ల ముందు తీసి, ప్లేటును వెలుతురు దిక్కు పట్టి, ఏ వైపు ఏదో రెండుసార్లు చూసుకున్న.